బీమా ఆఫీసుకి వెళ్ళేముందు ఎలివేటర్ దగ్గరికి వెళ్ళు

అల్లుడూ,

పనివాళ్ళ బీమా ప్రీమియం ఎక్కడ చౌకో చెప్పమని అడిగావు. చెబుతాను గానీ, ముందు ఆ ఖర్చు ఎక్కడ పుడుతోందో చూడు. అది బీమా ఆఫీసులో పుట్టదు. మీ మిల్లులో ఎలివేటర్ అడుగున, పుల్లీ పక్కన, బస్తాల నెట్టు కింద పుడుతుంది. ఏజెంటు దానికి లెక్క కట్టి చీటీ ఇస్తాడంతే.

మీ నాన్న ఉన్నన్నాళ్ళూ ఈ తలనొప్పులు నీ దాకా రానివ్వలేదు. ఇప్పుడు మిల్లు నీ చేతికొచ్చింది. నా ఉద్యోగమంతా కాగితం మిల్లు మెయింటెనెన్సులో గడిచింది కదా, బియ్యం మిల్లు సంగతి మామయ్యకేం తెలుసనుకోకు. తిరిగే బెల్టుకి అది ధాన్యం మిల్లో కాగితం మిల్లో తెలియదు.

నువ్వు అడిగింది డబ్బు గురించి కనక డబ్బు దగ్గరే మొదలుపెడతా. పనిలో దెబ్బ తగిలితే యజమాని పరిహారం ఇవ్వాలన్న చట్టం 1923 నాటిది. పాత బాయిలర్ల చట్టమూ ఆ ఏడాదిదే, చూడు తమాషా. పరిహారం చట్టాన్ని ఇప్పుడు సామాజిక భద్రతా కోడ్‌లో కలిపేశారు, 2025 నవంబరు 21 నుంచి అదే అమలు. పేరు మారినా లెక్క కట్టే పద్ధతి పాతదే. మనిషి పోతే నెల జీతంలో సగాన్ని వయసుకి తగిన గుణకంతో హెచ్చవేస్తారు. పనికి పూర్తిగా పనికిరాకుండా పోతే సగం కాదు, 60 శాతం. జీతం ఎంతున్నా లెక్కకి తీసుకునే పరిమితి 15,000 అని 2020 జనవరిలో పెట్టారు. ముప్ఫై ఏళ్ళవాడికి గుణకం 207.98. అంటే వాడు పోతే 15,59,850 రూపాయలు. వయసు తగ్గేకొద్దీ గుణకం పెరుగుతుంది. మీ మిల్లులో పాలిషర్ దగ్గర నిలబడేవాళ్ళంతా పాతికేళ్ళ లోపు కుర్రాళ్ళే కదా, అది కూడా గుర్తుపెట్టుకో.

పోవడం దాకా ఎందుకు, వేళ్ళ సంగతి చూద్దాం. మిల్లుల్లో ఎక్కువగా పోయేవి అవే. చట్టం చివర ఒక పట్టిక ఉంటుంది. బొటనవేలు పోతే 30 శాతం, చూపుడువేలు మొత్తం పోతే 14, ఒక చేతికి నాలుగు వేళ్ళూ పోతే 50. ముప్ఫై ఏళ్ళవాడి బొటనవేలంటే 5,61,546 రూపాయలు. ఆసుపత్రి ఖర్చు దీనికి అదనం. అసలు అయినంతా యజమానే ఇవ్వాలని 2009 సవరణలో చేర్చారు. నీ పాలసీలో వైద్య ఖర్చుల క్లాజు విడిగా తీసుకున్నావో లేదో చూడు. చాలామంది ఆ నాలుగు వేలు మిగులుతాయని వదిలేస్తారు.

పట్టికలో ఉన్నంతే ఇస్తే సరిపోతుందనీ అనుకోకు. ఒడిశాలో ఒక సినిమాహాలు పనిలో వడ్రంగి పడిపోయాడు, ఎడమచెయ్యి తీసేయాల్సి వచ్చింది. పట్టిక ప్రకారం కొంత శాతమే కదా అని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్ళాడు. ఒంటిచేత్తో వడ్రంగం చెయ్యలేడు, కాబట్టి ఇది నూటికి నూరు శాతం నష్టమే అంది కోర్టు. పరిహారం బాకీ పడేది తీర్పు రోజున కాదు, ప్రమాదం జరిగిన రోజునే అని కూడా చెప్పింది. తీర్పు డెబ్బయిల నాటిదైనా ఇప్పటికీ ప్రతి కేసులోనూ అదే చూపిస్తారు. నెల్లోపు కట్టకపోతే ఏడాదికి 12 శాతం వడ్డీ. సరైన కారణం లేకుండా ఆపితే సగం దాకా జరిమానా. ఆ జరిమానా బీమా కంపెనీ కట్టదు, నీ జేబులోంచే పోతుంది. ఒక చిన్న లెక్క చెప్పనా? ఇందాకటి ముప్ఫై ఏళ్ళవాడు పోయిన కేసుని లాయరు మాట విని మూడేళ్ళు సాగదీశావనుకో, వడ్డీ సరిగ్గా 5,61,546 అవుతుంది. ఒక బొటనవేలి ఖరీదు. వట్టి సాగదీతకి.

"వాడు తాగి వచ్చాడు", "గార్డు వాడే తీసేశాడు" అని చెప్పి తప్పించుకోవచ్చని ఎవరో నీకు చెప్పే ఉంటారు. చిన్న దెబ్బలకైతే ఆ వాదన కొంత నిలుస్తుంది. మనిషి చనిపోయినా, శాశ్వతంగా, పూర్తిగా పనికిరాకుండా పోయినా ఆ వాదనకి చట్టంలో చోటే లేదు.

ఇవన్నీ కాగితం మీద కనిపించే ఖర్చులు. కనిపించనివి నీకే బాగా తెలుసు. మిల్లు ఆగిపోతుంది, సివిల్ సప్లయిస్ బియ్యం గడువు దాటిపోతుంది, ఇన్‌స్పెక్టరు వస్తాడు, ముఠా మేస్త్రి మనుషుల్ని తీసుకుని పక్క ఊరు పోతాడు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. బియ్యం మిల్లులో చేతులు పోయేది ఎప్పుడు? మిల్లు సాఫీగా నడుస్తున్నప్పుడు కాదు, చోక్ అయినప్పుడు. ఒక్కోసారి ధాన్యం తడిగా వస్తుంది, ఎలివేటర్ అడుగున బిగుసుకుపోతుంది, బకెట్లు మొరాయిస్తాయి, బెల్టు జారుతుంది. ఆపితే లైను మొత్తం ఆగాలి. మళ్ళీ ఎత్తుకోవడానికి అరగంట. అందుకని కుర్రాడు కింద తలుపు తీసి, నడుస్తుండగానే చెయ్యి పెట్టి లాగుతాడు. వందసార్లు ఏమీ కాదు. ఆ వందసార్లే వాణ్ని చెడగొడతాయి. అల్లుడూ, వాడు ఆ చెయ్యి ఎందుకు పెట్టాడో ఒక్కసారి ఆలోచించు. మిల్లు ఆగితే నువ్వు కేకలేస్తావని పెట్టాడు. పోయిన సంక్రాంతికి వచ్చినప్పుడు విన్నాను నీ కేకలు, ఆఫీసు గదిలోంచే వినిపించాయి.

కాబట్టి నా మాట ఒక్కటి విను. మిల్లు డ్రైవరుకీ, ఎలివేటర్ దగ్గర ఉండే కుర్రాడికీ, నిన్ను అడక్కుండా మిల్లు ఆపే హక్కు ఇవ్వు. అందరి ముందూ నోటితో చెప్పు. చెప్పడం తేలిక. అసలు పరీక్ష వాళ్ళు మొదటిసారి అనవసరంగా ఆపినప్పుడు వస్తుంది. లారీ గేటు దగ్గర నిలబడి ఉంటుంది, కరెంటు ఉంటుందో పోతుందో తెలియదు, వీడు ఏమీ లేనిదానికి ఆపేసి ఉంటాడు. అప్పుడు నీ మొహం ఎలా ఉంటుందో మిల్లంతా చూస్తుంది. ఆ రోజు కసిరావో, ఇక గోడ మీద ఎన్ని బోర్డులు రాయించినా ఎవడూ ఆపడు. చోక్ తియ్యడానికి పొడవు పిడి ఉన్న కొక్కెం ఒకటి చేయించి అక్కడే గొలుసుతో కట్టించు. మిల్లు ఆపాక కూడా చేత్తో కాకుండా దాంతో లాగడం అలవాటవుతుంది.

రెండోది స్విచ్చికి తాళం. ఫిట్టరు తల లోపల పెట్టి బెల్టు అతుకు వేస్తుంటాడు. భోజనానికి వెళ్ళొచ్చినవాడు మిల్లు ఎందుకాగిందా అని మోటారు వేస్తాడు. ఇద్దరిలో ఎవరిదీ చెడు బుద్ధి కాదు. మెయిన్ స్విచ్చి హ్యాండిలుకి తాళం పడేలా చిన్న పట్టీ వెల్డింగు చేయించు, పాత ఫ్యూజు బోర్డయితే క్యారియర్లే ఊడదీసి జేబులో వేసుకోమను. తాళంచెవి లోపలికి దిగినవాడి దగ్గరే ఉండాలి, గుమాస్తా దగ్గర కాదు, నీ దగ్గరా కాదు. ఇద్దరు దిగితే రెండు తాళాలు. మేం దీన్ని అలవాటు చెయ్యడానికి పెద్ద గొడవే పడ్డాం. పాత ఫిట్టర్లకి అది అవమానంలా తోచేది, మమ్మల్ని నమ్మరా అనేవారు. ఇప్పుడు వాళ్ళే రిటైరయ్యి కొడుకులకి చెబుతున్నారు.

బెల్టులకీ పుల్లీలకీ జాలీ గార్డులు ఉండాలని నీకు తెలుసు, మీ మిల్లులో ఉన్నాయి కూడా. కానీ సగం గోడకి ఆనించి ఉన్నాయి. ఎందుకంటే గార్డు విప్పాలంటే ఎనిమిది బోల్టులు. గ్రీజు పెట్టాలన్నా, బెల్టు బిగువు చూడాలన్నా ఎనిమిదీ విప్పాలి. ఎవడు మళ్ళీ బిగిస్తాడు? కీలు మీద తెరుచుకునేలా మార్పించు. గ్రీజు నిపిల్‌ని చిన్న గొట్టంతో బయటికి తెచ్చేస్తే అసలు తెరవక్కర్లేదు. ఊళ్ళో వెల్డరు రెండ్రోజుల్లో చేసిపెడతాడు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకోవడం అంటే ఇదే, ఎనిమిది బోల్టుల బద్ధకం.

తిరిగే షాఫ్టు దగ్గర లుంగీ, మెడలో తువ్వాలు వద్దను. బిగువుగా ఉండే బట్టలు యజమానే ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం ఏనాడో చెప్పింది. ఏడాదికి రెండు జతలు కుట్టించు. ఊడ్చే ఆడవాళ్ళ సంగతి అందరూ మరిచిపోతారు. నూకలు, తవుడు చెదిరి పడేది యంత్రం కిందే, వాళ్ళు వంగి చీపురు పెట్టేదీ అక్కడే, చీరకొంగు వేలాడేదీ అక్కడే. నడుస్తున్న యంత్రం కింద ఊడ్పు వద్దు. షిఫ్టు మారేటప్పుడు పావుగంట ఆపి ఊడిపించు. ఆ ఊడ్పు వల్ల ఇంకో లాభం ఉంది. తవుడు దుమ్ము మండే దుమ్ము. దూలాల మీద వేలెడు మందాన పేరుకుని ఉండగా పైన వెల్డింగు పెట్టించకు. 2025 జూన్ 30న పాశమైలారంలో మందుల తయారీకి వాడే పొడి చేసే ఫ్యాక్టరీ పేలి నలభైమందికి పైగా పోయారు, పేపర్లో చూసే ఉంటావు. మీది అంత పెద్ద వ్యవహారం కాదు. అయినా నిప్పురవ్వకి మిల్లు చిన్నదా పెద్దదా అన్న తేడా ఉండదు.

ధాన్యం బిన్నులోకి మనిషి దిగడం గురించి గట్టిగా చెబుతున్నా. కింద గేటు తెరిచి ఉండగా పైన గడ్డకట్టిన ధాన్యాన్ని కాలితో తన్నడానికి దిగుతారు. ధాన్యం కదలడం మొదలెట్టిందంటే నడుం దాకా ములిగినవాణ్ని ఇద్దరు లాగినా రాడు. గేటు మూసి, మోటారుకి తాళం వేసి, నడుముకి తాడు కట్టి, పైన ఇంకో మనిషి నిలబడితేనే దిగాలి. లేదంటే వెదురుగడతో పైనుంచే పొడవమను. వాడు ములిగితే వీడు దూకడం అనేది కూడా ఆపు. అలా ఒకరికి ఇద్దరు పోతారు.

ఊక బూడిద కుప్ప పైకి చల్లగా కనిపిస్తుంది, లోపల నిప్పు రోజులతరబడి ఉంటుంది. ఎవడో అడ్డదారిన దాటబోయి మోకాలి దాకా దిగబడతాడు. చుట్టూ తీగ కట్టించి, నీళ్ళు కొట్టించాకే ఎత్తించు. బాయిలర్ గురించి ఎక్కువ చెప్పను. దానికి సర్టిఫికెట్టున్న మనిషీ తనిఖీలూ ఉన్నాయి. సేఫ్టీ వాల్వు కారుతోందని దానికి బరువు వేలాడదీసినట్టు మాత్రం నా చెవిన పడకూడదు.

ఇక బస్తాలు. నెట్టు కట్టేటప్పుడు వరస వరసకీ అడ్డం తిప్పి పేర్చాలి, తీసేటప్పుడు పైనుంచి మెట్లుగా దింపాలి. మేస్త్రికి ఇది నీకంటే బాగా తెలుసు. మరి ఎందుకు కూలుతుంది? లారీవాడు తొందరపెడితే పక్కనుంచి లాగుతారు కాబట్టి. బస్తా లెక్కన కూలి ఇస్తున్నంతకాలం తొందర వాళ్ళ కడుపులోనే ఉంటుంది, దాన్ని ఉపన్యాసంతో మాన్పించలేవు. మెట్లుగా దింపడానికి అదనంగా పట్టే టైముకి కొంత కలిపి ఇవ్వు. ఇప్పుడు మీ హమాలీల్లో సగంమంది బిహారు కుర్రాళ్ళు. గోడ మీద "జాగ్రత్త" అని తెలుగులో రాయించావు. వాళ్ళలో తెలుగు చదివేవాడు ఎవడు? వాళ్ళలోంచే పాతవాణ్ని ఒకణ్ని పిలిచి, కొత్తగా వచ్చినవాణ్ని మొదటి రోజంతా వెంట తిప్పమను, ఆ రోజు ఇద్దరికీ పూర్తి కూలి ఇవ్వు. ఏ యంత్రం ఎక్కడ కొరుకుతుందో తోటివాడు హిందీలో చెబితే బోర్డు కన్నా బాగా ఎక్కుతుంది.

ఇంతకీ ప్రీమియం మాట. బీమావాళ్ళు నువ్వు ప్రకటించిన జీతాల మీదా, పని రకం మీదా లెక్క కడతారు, గత క్లెయిములు అడుగుతారు. అమెరికాలో అయితే దీనికి ఒక అంకె ఉంటుంది. సగటు 1.0. నీ దగ్గర దెబ్బలు ఎక్కువైతే అది పెరుగుతుంది, ప్రీమియమూ దాంతోపాటే పెరుగుతుంది. అక్కడ మోటల్ నడుపుతున్న మీ బావని అడుగు, మెట్ల మీద జారిపడ్డ పనమ్మాయి కేసు ఆ అంకెలో ఎన్నేళ్ళు కూర్చుందో చెబుతాడు. మన దగ్గర అంత కచ్చితమైన లెక్క లేకపోయినా, క్లెయిముల్లేని మిల్లు యజమాని రెన్యువల్ రోజున గట్టిగా బేరమాడగలడు.

ఈఎస్‌ఐ అమలులో ఉన్నచోట, పదిమందో అంతకన్నా ఎక్కువో పనిచేస్తుంటే, నెలకి 21,000 దాకా జీతం ఉన్నవాళ్ళందరినీ అందులో చేర్చాలి. నీ వాటా 3.25 శాతం, వాళ్ళది 0.75. చేరినవాడికి పనిలో దెబ్బ తగిలితే వైద్యం, పరిహారం ఈఎస్‌ఐ చూస్తుంది, నీ మీదికి పరిహారం కేసు రాదు. నువ్వు వెతుకుతున్న చౌక ఇక్కడే ఉంది. అయినా మిల్లుల్లో ఏం చేస్తారు? ముప్ఫైమంది పని చేస్తుంటే రిజిస్టరులో తొమ్మిదిమంది ఉంటారు. మిగతావాళ్ళు "కాంట్రాక్టరు మనుషులు". కాంట్రాక్టరు అంటే ఎవరు, సెల్‌ఫోను ఒక్కటే ఆస్తిగా ఉన్న మేస్త్రి. మీ ఆవరణలో మీ పని చేస్తూ వాడి మనిషికి దెబ్బ తగిలితే చట్టం ముందుగా నిన్నే పట్టుకుంటుంది. ఇచ్చాక మేస్త్రి దగ్గర వసూలు చేసుకోమంటుంది. ఎంత వసూలవుతుందో నువ్వే చెప్పు. బీమా పాలసీలో జీతాలు తగ్గించి రాసేదీ ఇలాంటి పొదుపే. క్లెయిము వచ్చిన రోజున వాళ్ళు రిజిస్టరు అడుగుతారు. పేర్లన్నీ రాయించు, అసలు జీతాలు రాయించు. కొత్త కోడ్‌లో ఇంటి నుంచి పనికొచ్చే దారిలో జరిగిన ప్రమాదాన్ని కూడా, పనితో సంబంధం ఉందని తేలితే, లెక్కలోకి తెచ్చారు. రాత్రి షిఫ్టు వదిలాక నిద్రకళ్ళతో బండి మీద పోయేవాళ్ళకి ఒక ట్రాక్టరో ఆటోనో పెట్టే ఆలోచన చెయ్యి.

ప్రమాదం లేని నెలకి బిర్యానీ పెడతానని అన్నావట, మా చెల్లి చెప్పింది. మంచి మనసుతోనే అన్నావు. వద్దు. బిర్యానీ పోతుందని వాడు తెగిన వేలికి గుడ్డ చుట్టుకుని దాచేస్తాడు. అది చీము పట్టి పదోరోజు పెద్దాసుపత్రికి వెళుతుంది. దానికి బదులు, "ఇవాళ తృటిలో తప్పింది" అని వచ్చి చెప్పినవాడికి టీ తాగించి, వాడు చూపించిన చోటు ఆ వారమే బాగుచేయించు. కాటా గది దగ్గర ఒక నోటుబుక్కు పెట్టు, రాయలేనివాళ్ళది గుమాస్తా రాస్తాడు. బుక్కులో ఏమీ లేదంటే మిల్లు బాగుందని సంతోషించకు, వాళ్ళు నీతో మాట్లాడటం లేదని అర్థం.

ఇంత చేసినా ఎప్పుడో ఒకనాడు ఒకడికి తగులుతుంది. ఆ రోజు లాయరుకి తర్వాత ఫోను చేద్దువుగాని, ముందు కారు తియ్యి. అడ్వాన్సు నువ్వే కట్టు. వాడి ఇంటికి నువ్వే వెళ్ళు, గుమాస్తాని పంపకు. పరిహారం లెక్క కట్టి నెల తిరక్కుండా చెల్లించెయ్యి. చేతిలోనో, తెల్లకాగితం మీద సంతకం పెట్టించుకునో మాత్రం ఇవ్వకు. మనిషి పోతే పరిహారం కేసులు చూసే అధికారి దగ్గర డిపాజిట్ చేస్తేనే చెల్లినట్టు, బయట ఇచ్చింది లెక్కకి రాదు. కోలుకున్నాక కాటా దగ్గరో, సంచుల లెక్క దగ్గరో, ఆ చెయ్యి చెయ్యగల పని ఇచ్చి వెనక్కి తెచ్చుకో. మిల్లు గురించి వాడికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. కొత్త కుర్రాళ్ళకి వాడు చెబితే వింటారు.

ఒక్క పని మాత్రం ఈ వారంలోనే చెయ్యి. తెగిన వేలు తిరిగి అతికించే డాక్టర్లు రాజమండ్రిలోనో కాకినాడలోనో విశాఖలోనో ఎవరున్నారో కనుక్కుని, ఆ నంబరు మెయిన్ స్విచ్చి పక్కన పెద్ద అంకెలతో రాయించు. తెగిన ముక్కని మంచి నీళ్ళతో తడిపిన శుభ్రమైన గుడ్డలో చుట్టాలి, ప్లాస్టిక్ కవరులో పెట్టి మూతి కట్టాలి, ఆ కవరుని ఐసు నీళ్ళున్న ఇంకో కవరులో పెట్టాలి. ముక్క నేరుగా ఐసుకి తగిలితే పాడైపోతుంది. ఆరు గంటల లోపు చేరితే ఆశ ఎక్కువ. ఐసుకి మన ఊళ్ళో కరువేముంది, చేపల మార్కెట్టు రెండు వీధుల అవతలే. డ్రైవరుకీ, మేస్త్రికీ, ఆ బిహారు పెద్ద కుర్రాడికీ ఇది ఒకసారి చేసి చూపించు, వంకాయ ముక్కతో చూపించినా సరే. నవ్వుతారు, నవ్వనీ.

నీ
మామయ్య